సీటు వెనక్కి, బ్రేకు ముందుకి

“మళ్లొకసారి చెప్పు సక్రీ. కారెక్కంగనే రూప్‌సింగ్ మొదలు ఏం చేస్తుండె?”

పోలీస్ స్టేషన్ వెనక, సీజ్ చేసిన బండ్ల మధ్య నిలబడి అడిగింది భాను. ఎదురుగా టార్పాలిన్ కప్పిన పెద్ద కారు ఉంది. సక్రి దానివైపు చూడకుండా కొంగు అంచు మడతపెడుతూ చెప్పింది.

“దండం పెడుతుండె బాయీ. గప్పుడు స్టీరింగ్ పక్కన ఒక బటన్ నొక్కుతుండె. లోపల బుర్రుమని సప్పుడైతది. కాళ్లకాడి బ్రేకు, యాక్సిలేటరు రెండూ ముందుకు, దూరం జరిగిపోతయ్. గట్ల జరపకుంటే మోకాళ్లు స్టీరింగ్‌కు తాకుతయన్నడు.”

“ఎక్కినప్పుడల్లా జరపాల్సి వస్తుండెనా?”

“అవ్, చానాసార్లు. మరి ఎవలు దగ్గరికి గుంజుతున్నరని అడిగిన. నవ్విండు. చెప్పలే.”

భాను సక్రిని వరండాలో నీడకు కూర్చోబెట్టి వచ్చింది.

బానోతు భాను ఖమ్మంలో చిన్న డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతోంది. పుట్టింది కారేపల్లి దగ్గర లంబాడీ తండాలో; అందుకే సక్రి ఆమెను బాయీ, అంటే అక్కా, అని పిలుస్తుంది. సక్రి ఆమెను వెతుక్కుంటూ వచ్చి అడిగింది ఒక్కటే. “మా ఆయన చచ్చిపోయిండు, సరే. తాగి చచ్చిపోయిండని మాత్రం అననియ్యకు బాయీ.”

రూప్‌సింగ్ తల్లాడలో మిర్చి వ్యాపారి వెంకటరామారావు దగ్గర డ్రైవరు. పాల్వంచ అవతల అడవి రోడ్డు మీద, భద్రాచలం వైపు నుంచి వస్తూ కారు ఎడమ పక్క వాగొడ్డున ఉన్న మద్దిచెట్టును గుద్దుకుంది. పొద్దుగూకే వేళ పశువులు తోలుకొస్తున్నవాళ్లు చూసేసరికి రూప్‌సింగ్ డ్రైవర్ సీట్లో చనిపోయి ఉన్నాడు. చొక్కా నిండా సారా వాసన. యజమానికి చెప్పకుండా బండి తీసుకుపోయాడని, తాగి గుద్దేశాడని వెంకటరామారావు వాంగ్మూలం ఇచ్చాడు. రక్త పరీక్ష రిపోర్టు ఇంకా రాలేదు, అయినా అందరూ నమ్మారు. తమ గురువు సేవాలాల్ ముందు ఒట్టు పెట్టుకుని ఏళ్ల తరబడి చుక్క ముట్టని మనిషి, చివరికి ఒట్టు తప్పి పోయాడని తండా పెద్దలు మొహం తిప్పుకున్నారు. కూతురు సోని బడికి పోవడం మానేసింది. తోటి పిల్లలు తాగుబోతు బిడ్డ అంటున్నారట.

హెడ్ కానిస్టేబుల్ లచ్చయ్య టార్పాలిన్ లాగాడు.

“సీఐ సారు ఒప్పుకున్నరు గానీ మేడం, ఏది ముట్టినా నా ముంగటనే ముట్టాలె.”

“నాకూ అదే కావాలె. నువ్వే ఫొటోలు తియ్యి.”

కారు ముందు ఎడమభాగం నుజ్జునుజ్జయింది. బ్యాటరీ ఉండే చోట పగిలిన ప్లాస్టిక్ ముక్కలు మాత్రమే మిగిలాయి. ఎడమ తలుపు లోపలికి కుంగి బిగుసుకుపోయింది. ఆ తలుపు అద్దం మీద ఎండిన రక్తం. డ్రైవర్ వైపు మాత్రం స్టీరింగ్‌లోంచి బయటికొచ్చిన ఎయిర్‌బ్యాగ్ పాత దిండు గలీబులా వేలాడుతోంది. తలుపు బాగానే తెరుచుకుంది.

భాను వంగి కాళ్లు పెట్టుకునే చోట టార్చి వేసింది. చాలాసేపు అలాగే ఉండిపోయింది.

“లచ్చయ్యా, సీటు ఎంత వెనక్కుంది?”

“పట్టాల చివరిదాక ఉంది మేడం. ఇంక పోదు.”

“బ్రేకు?”

లచ్చయ్య తొంగి చూశాడు. “గిదేంది, ఇంత వెనక్కొచ్చి ఉన్నది? సీటు మీదికొచ్చినట్టుందే!”

“ఫొటో తియ్యి. సీటూ పెడళ్లూ రెండూ ఒక్క ఫొటోలనే పడాలె.”

“ఇంకా ఆ పెడళ్ల దగ్గరే ఉన్నారా?”

వెనకనుంచి గొంతు వినిపించింది. అనిల్‌కుమార్. హైదరాబాద్‌లో పేరున్న ప్రైవేట్ డిటెక్టివ్. సొంతూరు సత్తుపల్లి. వెంకటరామారావు తన తరఫున ఆయన్ను పెట్టుకున్నాడు. ఇస్త్రీ నలగని చొక్కా, చేతిలో కారు తాళాలు. ప్రమాదానికి తాగుడే కారణమని ఇప్పటికే రిపోర్టు ఇచ్చేశాడు.

“మీరు చూడలేదా సార్?” అంది భాను.

“చూశాను. గుద్దుకున్నప్పుడు అదురుకు కదిలి ఉంటాయి. అంత పెద్ద దెబ్బకు ఇంజనే వెనక్కి వచ్చింది. పెడళ్లు రావా?”

“సీటు వెనక్కి జరుపుకునేటోడు కాళ్లకు జాగా కోసం జరుపుకుంటడు. వాడే మళ్ల పెడళ్లను మీదికి గుంజుకుంటడా?”

“వాడు గుంజుకున్నాడని నేననలేదు. దెబ్బకు వచ్చాయి అన్నాను. రెండూ ఒకటి కాదు భానుగారూ.”

“అయితే పరీక్ష చేద్దాం.”

ఆమె జీపులోంచి కొత్త బ్యాటరీ తెప్పించింది. అనిల్‌కుమార్ మొహం బిగుసుకుంది.

“ఆగండి. ఇది సాక్ష్యాన్ని చెడగొట్టడం. రేపు కోర్టులో నేనే అడ్డం పడతా.”

“ఫొటోలు తీసినం. కొలతలు రాసుకున్నం. పంచనామా మీద మీరు కూడా సంతకం పెట్టండి. పెట్టనంటే అదీ రాపిస్త.”

ఆయన ఒక నిమిషం ఆలోచించాడు. భయపడే మనిషి కాదు. తన మాటే నిజమైతే పరీక్షతో పోయేదేమీ లేదు. సంతకం పెట్టాడు.

తెగిపోయిన వైర్ల చివర్లు పట్టుకుని బ్యాటరీ కలిపారు. తాళం తిప్పితే మీటర్ దగ్గర ఎర్రలైటు వెలిగింది. స్టీరింగ్‌కు కుడిపక్క, తలుపు వైపు చిన్న స్విచ్చి ఉంది. దాని మీద రెండు బాణం గుర్తులు. పైబాణం మీద గోధుమరంగు మరక ఉండేది. నిన్ననే కొత్తగూడెం నుంచి వచ్చిన వేలిముద్రల వాళ్లు దాన్ని ఎత్తుకుపోయారు. భాను పెన్ను కొనతో ఆ బాణం నొక్కింది.

బుర్రుమంది.

బ్రేకూ యాక్సిలేటరూ రెండూ కలిసి నెమ్మదిగా ముందుకు, మనిషికి దూరంగా జరిగాయి. ఎక్కడా తట్టుకోలేదు. నాలుగు వేళ్ల మందం జరిగి ఆగిపోయాయి. మళ్లీ కింది బాణం నొక్కితే రెండూ జోడెద్దుల్లా తిరిగి వచ్చాయి.

“చూసిన్రా సార్? లోపల చిన్న మోటరు ఉంటది. అది తిరిగితే ఒక్కో పెడల్ వెనక పొడుగు మర తిరుగుతది. మర మీద నట్టు జరిగినట్టు పెడల్ జరుగుతది. కారు కంపెనీ ఇంజనీరుతోని ఫోన్ల మాట్లాడిన. మరలోకి ఎక్కిన బోల్టును సుత్తెతో కొడితే వంగుతది, విరుగుతది. అంతేగానీ తిప్పకుండ జరగదు. దెబ్బకు జరిగి ఉంటే మర అరిగిపోవాలె, రెండు పెడళ్లూ ఎగుడుదిగుడుగ ఉండాలె. ఇవి చక్కగ పోయినయ్, చక్కగ వచ్చినయ్.”

భాను పగిలిన ప్లాస్టిక్ ముక్కలున్న చోటు చూపించింది.

“గుద్దుకున్నప్పుడే బ్యాటరీ పగిలింది. అక్కడి నుంచి ఈ పెడళ్లకు కరెంటు లేదు. ఆ క్షణంల ఎక్కడున్నయో అక్కడనే ఆగిపోయినయ్. సీటుకు మాత్రం చేత్తో లాగే మీట ఉంది. ఎవరో సీటును వెనక్కి జరిపిన్రు. పెడళ్లను కూడా జరపాలనుకున్నా జరపలేకపోయిన్రు.”

“అంటే?”

“గుద్దినప్పుడు స్టీరింగ్ వెనక ఉన్నది ఆరడుగుల రూప్‌సింగ్ కాదు. పొట్టి మనిషి.”

అనిల్‌కుమార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “ఊహ బాగుంది. మనిషిని చూపించండి. అప్పుడు మాట్లాడదాం.” వెళ్తూ వెళ్తూ ఆగి, “మీరు తల్లాడ వస్తే నేనూ అక్కడే ఉంటాను. నా క్లయింటును నేను లేకుండా ప్రశ్నించొద్దు” అన్నాడు.

“రమ్మనే చెప్తున్న,” అంది భాను.

తల్లాడలో వెంకటరామారావు ఇంటికి చేరేసరికి ఎండ తగ్గుముఖం పట్టింది. లచ్చయ్య వెంట వచ్చాడు. సక్రి ఇంట్లోకి రానంది. గేటు బయట జీపులోనే కూర్చుంది.

వెంకటరామారావు ఏభై దాటిన మనిషి. పొలంలో పనిచేసి గట్టిపడిన చేతులు. డబ్బు వచ్చినా ఆ చేతులు మెత్తబడలేదు. అనిల్‌కుమార్ పక్క కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

“చెప్పాల్సింది పోలీసులకు చెప్పాను,” అన్నాడు వెంకటరామారావు. “ఆ రోజు నేను కొత్తగూడెంలో పని మీదున్నాను. మా ఆవిడకు జ్వరం, ఇంట్లోనే ఉంది. వాడు చెప్పకుండా బండి తీశాడు. అయినా వాళ్ల దినాలకు నేనే బియ్యం పంపించాను.”

“ఆమెను పిలవండి.”

“ఆవిడకేం తెలుసు?”

“కారు గురించి ఒక్క మాట అడగాలె.”

పద్మావతమ్మ వచ్చింది. నాలుగున్నర అడుగులుంటుందేమో. నడుస్తుంటే చీర కుచ్చిళ్లు నేలకు జీరాడుతున్నాయి. ఏప్రిల్ నెల ఎండల్లో మణికట్టు దాకా చేతుల జాకెట్టు వేసుకుంది. కుర్చీ అంచున కూర్చుంటే పాదాలు నేలకు ఆనలేదు.

భాను ఆమెతో చాలా మెత్తగా మాట్లాడింది. “అమ్మా, మీ కారుల పెడళ్లు జరుగుతయటగా? మాకు ఇక్కడెవ్వరికీ తెలుస్తలేదు. ఎట్లనో చెప్తరా?”

పద్మావతమ్మ భర్త వైపు చూసింది. ఆయన అడ్డు చెప్పడానికి ఏ కారణమూ దొరక్క ఊరుకున్నాడు.

“స్టీరింగ్ పక్కన బటన్ ఉంటుందమ్మా. కింది బాణం నొక్కితే దగ్గరికొస్తాయి, పైది నొక్కితే దూరం పోతాయి. బండి ఆగి ఉన్నప్పుడే జరుపుకోవాలి. మామూలు కార్లలో నాలాంటివాళ్లు సీటు ముందుకు లాక్కోవాలి కదా, అప్పుడు స్టీరింగ్ గుండెకు ఆనుకుంటుంది. లోపలి గాలిసంచి పేలితే మొహం మీదే పేలుతుంది. దీంట్లో ఆ బాధ లేదు. మనం వెనక్కే కూర్చోవచ్చు. కాలు మోపితే బ్రేకు ఎంత మెత్తగా...”

ఆగిపోయింది. అంతవరకు ఆమె మొహంలో ఉన్న వెలుగు ఒక్కసారిగా ఆరిపోయింది. గదిలో అందరూ ఆ వెలుగును చూశారు.

“కాలు మోపితే ఎట్లుంటదో మీకెట్ల తెలుసమ్మా?”

“పద్మా, లోపలికి పో.” వెంకటరామారావు లేచాడు.

“కూర్చోండి సార్,” అన్నాడు లచ్చయ్య. గొంతు పెంచలేదు. కానీ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

“ఆ జాకెట్టు చేతులు పైకి మడవండమ్మా,” అంది భాను.

పద్మావతమ్మ మడవలేదు. రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని ఏడ్వడం మొదలుపెట్టింది. చేతులు కప్పిన గుడ్డ కొంచెం జరిగింది. మణికట్టు పైన చర్మం కమిలి, పొట్టు లేచి ఉంది. ఎయిర్‌బ్యాగ్ రాచుకుపోయిన గాయం. రూప్‌సింగ్ చేతుల మీద అలాంటిదేదీ లేదని పోస్టుమార్టం చేసిన డాక్టరు భానుకు ముందే చెప్పాడు.

“నేనే నడిపాను,” అంది.

“పద్మా!”

“నన్ను చెప్పనివ్వండి. నిద్రపోయి ఎన్ని రోజులైందో మీకు తెలుసు.” భాను వైపు తిరిగింది. “డ్రైవింగ్ నేర్చుకుంటానంటే ఈయన నవ్వేవారు. స్టీరింగ్ వెనక నువ్వు కనపడవే, బండి దానంతటదే పోతోందని జనం దడుచుకుంటారు అనేవారు. ఈ కారు కొన్నాక ఒకరోజు రూప్‌సింగ్ ఆ బటన్ చూపించాడు. ‘అమ్మా, ఈ బండిల మీరు బ్రేకు కాడికి పోనక్కర్లే. బ్రేకే మీ కాడికొస్తది’ అన్నాడు. అడవి రోడ్డయితే మనుషులు తక్కువని అక్కడ నేర్పాడు. పాల్వంచ దాటేదాకా తనే నడిపేవాడు, తర్వాత నాకిచ్చేవాడు. ఎవరికీ చెప్పొద్దన్నాను. పెళ్లానికి కూడా చెప్పలేదు, పాపం.”

“ఆ రోజు?”

“భద్రాచలం దాకా నేనే తోలుకుపోయాను. రాములవారి దర్శనం చేసుకున్నాం. తిరిగి వస్తుంటే అడవిపంది అడ్డమొచ్చింది. తిప్పేశాను. బ్రేకు మీద కాలు వేసే సరికే చెట్టు...” కొంగుతో కళ్లు తుడుచుకుంది. “దెబ్బంతా అతని వైపే తగిలింది. నాకేం కాలేదు. అతను తల పట్టుకుని, ‘అమ్మా, మీకేం కాలే గదా’ అన్నాడు. ఆ తలుపు రాలేదు. అతన్ని లాగడానికి నా బలం చాల్లేదు. అడవిలో సెల్లు పనిచెయ్యలేదు. పరుగెత్తి ఊళ్లోకి పోయి ఎస్టీడీ బూత్ నుంచి ఈయనకు ఫోన్ చేశాను. కొత్తగూడెం నుంచి ఈయన వచ్చి నన్ను ఎక్కించుకుని అక్కడికి పోయారు. నన్ను బండి దిగనివ్వలేదు. తనే పోయి చూసి వచ్చి, ‘పోయాడు పద్మా’ అన్నారు.”

వెంకటరామారావు కుర్చీలో కూలబడ్డాడు.

“అవును,” అన్నాడు. “చచ్చిపోయినవాణ్ణి ఎలాగూ తేలేను. బతికున్న పెళ్లాన్ని కాపాడుకున్నాను. సీటు వెనక్కి లాగి అతన్ని అందులోకి జరిపాను. నా బండిలో ఉన్న సారా నేనే పోశాను. అది తప్పే. ఎంత శిక్ష వేస్తారో వెయ్యండి.”

అనిల్‌కుమార్ గొంతు సవరించుకున్నాడు. “భానుగారూ, మీరు గెలిచారు. రూప్‌సింగ్ తాగలేదు, నడపలేదు. నా రిపోర్టు నేను వెనక్కి తీసుకుంటాను. కానీ ఇది ప్రమాదం. సాక్ష్యం తారుమారు చేసిన నేరం ఉంది. అంతకు మించి ఏం లేదు.”

అప్పుడే లచ్చయ్య జేబులో ఫోన్ మోగింది. గుమ్మంలోనే నిలబడి విన్నాడు. “అవ్ సార్... గట్లనా సార్...” ఫోన్ పెట్టేసి భాను దగ్గరికి వచ్చి చెవిలో చెప్పబోయాడు. ఆమె వద్దంది.

“అందరికీ వినపడేటట్టు చెప్పు.”

“పెడల్ స్విచ్చి మీద రక్తంతోని ఉన్న ముద్ర మేడం. కుడి బొటనవేలు. రూప్‌సింగ్‌దే. ఒక్కటి కాదంట. ఒకదాని మీద ఒకటి, చానాసార్లు నొక్కిండంట.”

ముందుగా అర్థమైంది అనిల్‌కుమార్‌కు. ఆయన తన క్లయింటు వైపు తిరిగి చూశాడు.

భాను పద్మావతమ్మ వైపే చూస్తూ చెప్పింది. చెప్పకుండా ఉండే వీలుంటే బాగుండునని ఆమెకు అనిపించింది.

“ఆ స్విచ్చి డ్రైవర్ సీటుకు కుడిపక్కన, తలుపు వైపున్నది. ఎడమ సీట్ల ఉన్నోనికి, అందులో పక్కటెముకలు విరిగినోనికి, అది అందదు. డ్రైవర్ సీట్ల కూర్చున్నోనికే అందుతది. పెడళ్లు మీదికొచ్చి కాళ్లు ఇరుకైతే అలవాటు చొప్పున పైబాణం నొక్కిండు. బ్యాటరీ పోయింది గాబట్టి అవి జరగలే. మళ్ల మళ్ల నొక్కిండు.”

“ఆ సీట్లోకి అతన్ని మార్చింది ఈయన కదా,” అంది పద్మావతమ్మ. నెమ్మదిగా భర్త వైపు తిరిగింది. “ఏమండీ. పోయాడన్నారుగా?”



అనిల్‌కుమార్ కుర్చీలోంచి లేచాడు. తన క్లయింటుకు ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు. ఏ డిటెక్టివైనా అడగాల్సిన ప్రశ్నను ఇన్నాళ్లూ తాను అడగలేదని ఆయనకు తెలిసిపోయింది.

“మీరు లాగినప్పుడు ఊపిరి ఉందా?”

“ఆస్పత్రికి తీసుకుపోదామనే లాగాను.” వెంకటరామారావు మాటలు నేలను చూస్తూ వచ్చాయి. “ఒట్టు. ఆ ఎడమ తలుపు రాదు. ఇటునుంచే లాగాలి. పొడుగు మనిషి, బరువు. డ్రైవర్ సీటు దాకా వచ్చేసరికి నాకు ఆయాసమొచ్చింది. ఊపిరి తీసుకుందామని ఆగాను. ఆగి చూస్తే... స్టీరింగ్ వెనక అతను కూర్చుని ఉన్నాడు. ఇలాగే వదిలేస్తే పద్మను ఎవరూ ఏమీ అడగరు కదా అనిపించింది. అంతే. అలా అనిపించింది.”

“ఊపిరి ఉందా అని అడిగాను.”

“ఉంది.”

పద్మావతమ్మ కుర్చీ దిగింది. తూలిపడబోతే భాను పట్టుకుంది. ఆ చెయ్యి విడిపించుకుని అడిగింది.

“సక్రి వచ్చిందా?”

“బయట జీపుల ఉంది. ఇప్పుడొద్దమ్మా. నేను చెప్త.”

“లేదు. నేనే చెప్పాలి.”

చెప్పులు కూడా వేసుకోలేదు. గేటు దాటి కాలే నేల మీద జీపు దాకా నడిచింది. సక్రి ఆమెను చూసి అలవాటు కొద్దీ లేచి నిలబడింది. తన భర్తకు జీతమిచ్చిన ఇంటి అమ్మగారు. పద్మావతమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. బండి నడిపింది తానని, రూప్‌సింగ్ చుక్క తాగలేదని, సారా తన భర్త పోశాడని, రూప్‌సింగ్ ఆ సీట్లో ప్రాణంతో ఉండగానే వదిలేసి వచ్చారని ఒక్కొక్కటే చెప్పింది. ఏదీ దాచలేదు. మధ్యలో రెండుసార్లు మాట పడిపోయింది. మళ్లీ మొదలుపెట్టింది.

సక్రి అంతా విన్నది. తాగలేదన్న మాట దగ్గర ఆమె కళ్లు మూసుకుని, ఏదో భారం దించుకున్నట్టు ఊపిరి వదిలింది. ఆఖరి మాట దగ్గర కళ్లు తెరిచింది. తిట్టలేదు. శాపనార్థాలు పెట్టలేదు. భాను ఆమె భుజం మీద చెయ్యి వేస్తే అది తగిలినట్టే లేదు.

“ఆ చెట్టు కాడనే వాగున్నది గదమ్మా,” అంది. “పోయేముందు నోట్లో నీళ్లన్న పోసిన్రా?”

పద్మావతమ్మ చేతులు పట్టుకునే ఉంది. తల ఎత్తలేకపోయింది. లోపలి నుంచి వెంకటరామారావును నడిపించుకుంటూ లచ్చయ్య గేటు దాకా వచ్చి, ఆ ఇద్దరు ఆడవాళ్లనూ చూసి అక్కడే ఆగిపోయాడు. సక్రి వెంకటరామారావు వైపు తిరిగి అదే మాట మళ్లీ అడిగింది.

“మీరన్న చెప్పున్రి సార్. పోసిన్రా?”